ధనమ్మ ముక్కుమందు

బస్సు ఆగి పావుగంటైంది. మొయినాబాదు ఇంకా రెండు మైళ్లుండగానే ఆగింది. ముందు రోడ్డు మీద కాలేజీ పిల్లలు రాళ్లు పేర్చి, తుమ్మకంప అడ్డం పడేసి, జై తెలంగాణ అంటూ కూర్చున్నారట. అరవై తొమ్మిది జనవరి నుంచీ ఇదే వరస, బస్సెక్కినవాడు ఊరు చేరితే చేరినట్టు, లేకుంటే లేదు. కండక్టరు ఎల్లేశ్ దిగి చూసొచ్చి, "పోలీసులొస్తే లేస్తరు, లేకుంటే పొద్దుమూకినంక లేస్తరు. నా చేతుల ఏమున్నది," అని బీడీ ముట్టించాడు. సాలోమోను చేతి గడియారం చూసుకున్నాడు. మూడుంబావు. నాలుగింటికి ఎంకపల్లి చర్చిలో సాక్ష్యాల కూటమి మొదలవుతుంది. అక్కడ ధనమ్మ పెద్దమ్మ లేచి నిలబడి, తన ముక్కుమందుతో ముగ్గురికి వాసన పోగొట్టానని, తప్పైపోయిందని, సంఘమంతా వినేలా ఒప్పుకుంటుంది. ఆమె అలా ఒప్పుకోవలసిన పని లేదని తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడు ఈ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎల్లేశ్ బీడీ పొగ చూస్తున్నాడు. పొగ కనిపిస్తోంది, వాసన మాత్రం రావడం లేదు.

ఐదు నెలలైంది ముక్కు ఇలా మూగబోయి. అదీ కంపౌండరు ముక్కు. చేవెళ్ల దవాఖానలో పదహారేళ్లుగా సీసా మూత తీస్తే చాలు, చీటీ చూడకుండా ఇది ఫలానా అని చెప్పిన ముక్కు. టించరు, ఫినాయిలు, స్పిరిటు, పిల్లల దగ్గుమందులో కలిపే తీపి, సూదులు మరగబెట్టే గిన్నె మీది ఆవిరి, అన్నీ ఒక్క వారంలో పోయాయి. జనవరిలో ఊరంతా జలుబు. సభలనీ ఊరేగింపులనీ జనమంతా ఒక్కచోట చేరి అరిచి అరిచి దగ్గుకుంటూ ఇళ్లకు పోయారు, ఇంటింటికీ అంటించారు. ఆయనకూ అంటింది. నాలుగు రోజులు బిళ్లలు మింగాడు, వేడినీళ్లు తాగాడు, అంతే. ముక్కులో చుక్క వేసుకున్నది లేదు. జలుబు పోయింది, పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. ఒకరోజు పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని పేపరు చదువుకుంటుంటే పాలు మాడి గిన్నె నల్లబడింది. భార్య మేరీ పెరట్లోంచి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "పక్కనే కూసోని గూడ..." అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆయనకు ఇంకో సంగతి కూడా అర్థమైంది. చుక్కలు వేసుకోకపోయినా, ఉత్త జలుబుకే వాసన పోతుందని. అర్థమైనదాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం మనుషులకు మామూలే, మన సాలోమోను దాన్ని మరీ లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడ దిగితే ఎంకపల్లికి అడ్డదారి ఉంది. ఎడమ పక్క మళ్ల గట్టెక్కి, వాగు దాటి, జామతోట పక్కనుంచి పోతే అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. ఆ దారి ఆయన కాళ్లకు తెలుసు. చిన్నప్పుడు చేవెళ్ల బడికి పోయి శనివారాలు ఆ దారినే ఇంటికొచ్చేవాడు. ఇంకా ఊరు రాకముందే, జామతోట దగ్గరే, ఇంట్లో ఏం వండారో తెలిసేది. జొన్నరొట్టె పెనం మీద పడితే ఒక వాసన, తిప్పితే ఇంకో వాసన, అంచు కాస్త మాడితే అదొక వాసన. పేడతో అలికిన అరుగు. క్రిస్మసుకు చర్చి గోడలకు కొట్టిన సున్నం. గండిపేట చెరువు మీదుగా గాలి తిరిగితే వచ్చే చల్లటి బురద వాసన. ఇప్పుడవన్నీ ముక్కులో లేవు, తలలో ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. అసలు ముక్కు పనిచేస్తున్న రోజుల్లో వాటిని ఇంత తలచుకున్నదీ లేదు. అన్నిటికంటే ముందు వచ్చేది పెద్దమ్మ చేతులు. నువ్వుల నూనె, తుమ్మి ఆకు పసరు, ఓమ, అదే వాము. నాలుగేళ్లప్పుడు అమ్మ పోతే, ఆ చేతులే ఎత్తుకున్నాయి.

పెద్దమ్మ ముక్కుమందు మిరుగం వానలతో, అంటే మృగశిర కార్తెతో మొదలయ్యేది. మొదటి వాన పడ్డ పదో రోజుకు గట్ల మీద తుమ్మి మొక్క లేస్తుంది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, పొద్దున్నే తడి ఆరకముందే ఆకు తెంపుకొచ్చేది. దంచి, గుడ్డలో పిండి, నూనెలో వేసి, ఓమ వేసి, సన్నటి మంట మీద నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా కాచేది. పక్కనుంచి ఎవరు పలకరించినా పలికేది కాదు, చిటచిటలు ఆగేదాకా చెవి గిన్నె మీదే. నీలం సీసాల్లో పోసి, మొక్కజొన్న బెండుతో మూత బిగించి, గూట్లో వరసగా పెట్టేది. చలికాలం వచ్చేసరికి ఎంకపల్లి పిల్లలంతా ఆమె ఒళ్లో తల పెట్టినవాళ్లే. ముక్కుకో రెండు చుక్కలు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారేవి, గొంతు దాకా మండేది. అది అయ్యాక, కొంగుముడి విప్పి చిటికెడు ఓమ తీసి, అరచేతిలో నలిపి ముక్కు కింద పెట్టేది. "ఏమొస్తున్నది కొడకా?" ఓమ అని చెప్పాలి. చెబితే విడిచిపెడుతుంది, చెప్పకపోతే ఇంకో చుక్క. వాసన రాకపోయినా సాలోమోను వచ్చిందనేవాడు. ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. ఆమె నమ్మి నెత్తి మీద చెయ్యేసి, "పో, ఆడుకో పో," అనేది. కొంగున ఓమ ముడి మాత్రం ఇప్పటికీ ఉంటుంది. కడుపుబ్బరానికి అంటుంది.

"జర జరుగవా అన్నా," అంది పక్క సీటు ఆమె. పేరు సక్కుబాయి. చేవెళ్లలో ఎక్కినప్పుడే చెప్పింది, మెహిదీపట్నంలో పూలమ్ముతుందట. ఒళ్లో మల్లెమొగ్గల బుట్ట, దాని మీద తడిగుడ్డ. బస్సు ఆగిన దగ్గర్నుంచీ గుడ్డ మీద నీళ్లు చిలకరిస్తూనే ఉంది. సాలోమోను జరిగాడు. గడియారం చూశాడు. మూడున్నరకు ఐదు నిమిషాలు తక్కువ. దిగాలనుకున్నాడు, దిగలేదు. బస్సు ఆగిపోవడం కొంచెం మంచిదైందని లోపల ఎక్కడో అనిపించింది. ఏం చేస్తాం, పోదామనే బయల్దేరాను, పిల్లలు రోడ్డుకు అడ్డం కూర్చున్నారు అని చెప్పుకోవచ్చు. ఎవరికి చెప్పుకుంటాడు, మేరీకా? మేరీ వింటుంది, తల ఊపుతుంది, ఆ పూట కూర వడ్డిస్తూ ఆయన మొహం చూడదు. తెలంగాణ వస్తుందో రాదో గానీ, సాలోమోనుకు మాత్రం ఓ సాకు ఇచ్చింది.

తొమ్మిదేళ్ల కిందట కూడా సాక్ష్యాల కూటమే. నెలకోసారి, రెండో ఆదివారం. దేవుడు మేలు చేసినవాళ్లు, కష్టం వచ్చినవాళ్లు లేచి నిలబడి చెప్పుకుంటారు, మిగతావాళ్లు ఆమెన్ అంటారు. లేచేవాడు ఏదో జరిగినవాడే. అయ్యగారూ, ఈ నెల నాకేమీ కాలేదు అని సాక్ష్యం చెప్పినవాడు ఎంకపల్లిలో ఇంతవరకూ పుట్టలేదు. ఆ ఏడు చలికి ఊరు ఊరంతా జలుబుతో పడింది, ఊరు ఊరంతా పెద్దమ్మ ఒళ్లో తల పెట్టింది. నెల తిరిగాక సాముయేలు లేచాడు. "ధనమ్మ సుక్కలేసిన కాడ్నుంచి నాకు వాసన తెలుస్తలేదు." అతను కూర్చోకముందే కరుణమ్మ లేచింది, తనకూ అంతేనని, అన్నం మాడినా తెలియడం లేదని. తర్వాత ఉపదేశి ప్రేమదాసు. ముగ్గురు. ముగ్గురు చెబితే కాదనేవాళ్లెవరు, లేఖనమే ఇద్దరు ముగ్గురు సాక్షులు చాలన్నది. అందరూ మందులు తెలిసిన మనిషి వైపు తిరిగారు. తెల్ల బుష్‌కోటు, జేబులో పెన్ను, ఇరవై తొమ్మిదేళ్లు. సాలోమోను లేచి, నూనె చుక్కలు ముక్కు లోపలి పొరను కాలుస్తాయి, ఆపితేనే మంచిది అన్నాడు. ఎక్కడ చదివాడు? ఎక్కడా చదవలేదు. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నోటికి వచ్చింది, బాగుంది, అన్నాడు. అంతకుముందు వారమే దవాఖానలో ఎవరో, "మీ పెద్దమ్మ మందుంటే గీ బిళ్లలెందుకు సార్," అని నవ్వారు. అది గుచ్చుకుంది. ఆమె చేతుల నూనె వాసన కూడా అప్పట్లో కొంచెం సిగ్గుగా ఉండేది, ఆమె చేవెళ్లలో తన ఇంట్లో ఉన్నప్పుడు పట్నం నుంచి ఎవరైనా వస్తే వంటింట్లోనే ఉండమనేవాడు. ఛీ. ఇప్పుడు ఆ వాసన కోసం ఏమైనా ఇచ్చేలా ఉన్నాడు.

పెద్దమ్మ వాదించలేదు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని చెల్లెలి కొడుకు మాట్లాడటం చూస్తూ ఉంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది, నా పిల్లగాడు ఎంత మంచిగ మాట్లాడుతున్నడు అన్నట్టు ఉంది. ఇంటికి పోయి గూట్లోని సీసాలన్నీ దానిమ్మ చెట్టు మొదట్లో కుమ్మరించింది. ఆ నెల నుంచి ప్రభు సంస్కారానికి ముందుకు రాలేదు. ఎవరూ రావద్దనలేదు. రొట్టె పంచేటప్పుడు వరసలో లేవకుండా తలొంచుకుని వెనకే కూర్చునేది, నెల తర్వాత నెల, తొమ్మిదేళ్లు. ఇప్పుడు కొత్త అయ్యగారు దయానందం వచ్చాడు, మంచివాడు, చిన్నవాడు. ఒక్కసారి అందరి ముందు ఒప్పుకోండమ్మా, బరువు దిగిపోతుంది, వచ్చే ఆదివారం రొట్టె తీసుకోవడానికి బల్ల దగ్గరికి రండి అన్నాడట. గురువారం కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికొచ్చిన యాదయ్య చెప్పాడు. "మీ పెద్దమ్మ గీ ఆదివారం ఒప్పుకుంటదట గదా సార్. పాపం, ముసల్ది." సాలోమోను కట్టిన కట్టు విప్పి మళ్లీ కట్టాడు.

సక్కుబాయి తడిగుడ్డ కొస ఎత్తి బుట్టలోకి వంగింది. "విచ్చుకుంటున్నయి. వాసన మారింది," అంది దిగులుగా. "పట్నం పోయేసరికి అన్ని పూస్తయి, ఎవలు కొంటరు. నువ్వు సూడన్నా, నాకే గట్ల అనిపిస్తున్నదా?" బుట్ట ఆయన మొహం దగ్గరికి తెచ్చింది. సాలోమోను మర్యాదకు వంగాడు. తెల్లగా, చల్లగా ఉన్నాయి. అంతే. బాగానే ఉన్నాయి అనబోయి, ఎందుకో నోరు తిరగలేదు. "నాకు వాసన రాదక్కా. సర్ది అయి పోయింది," అన్నాడు. మేరీ కాక ఇంకొకరికి చెప్పడం ఇదే మొదటిసారి.

"అయ్యో," అంది సక్కుబాయి. "ఎంకపల్ల ధనమ్మ అని ముసలామె ఉండె. ముక్కుమందు ఇస్తుండె. ఏటేటా చలికాలం మా ఇంట్ల అందరికి అదే. పన్నెండేండ్లు ఏసుకున్నం. తర్వాత ఎందుకో బంద్ జేసింది."

సాలోమోను ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "ఏసుకున్నంక వాసన పోలేదా మీకు?"

"వాసన పోతే పూలెట్ల అమ్ముత?" అని నవ్వింది. "మా ఆయన, నా బిడ్డలు, మా ఆడిబిడ్డ, ఎవ్వలికేం గాలె."

"మరి ఆ సంగతి ఎవ్వరికీ చెప్పలేదా?"

"నన్నెవలడిగిండ్రన్నా?" అంది సక్కుబాయి, గుడ్డ సర్దుతూ. ఆమె మామూలుగానే అంది.

ఎవరడిగారు? ఆ ఏడు పెద్దమ్మ ఒళ్లో తల పెట్టినవాళ్లు వందకు పైనే ఉంటారు. లేచినవాళ్లు ముగ్గురు. కూర్చున్నవాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, చర్చికి రానివాళ్ల ఊసు అసలే లేదు. ఇంకో పక్క నుంచి చూస్తే, చుక్కలు వేసుకోకుండానే వాసన పోయినవాళ్లెంతమంది? దవాఖాన వరండాలో పదహారేళ్లుగా వింటూనే ఉన్నాడు కదా, సర్ది తగ్గింది గానీ కూరకు రుచి తెలుస్తలేదు సార్ అని. తగ్గుతుంది పో అని బిళ్లల పొట్లం చేతిలో పెట్టి పంపించాడు. వాళ్లకు ధనమ్మ ఎవరో కూడా తెలియదు. జలుబు పట్టినవాడే జలుబుమందు వేసుకుంటాడు. వాసన తీసుకుపోయింది జలుబో మందో ఎలా చెప్పగలం? ఈ చిన్న ముక్క అప్పుడు ఎందుకు తట్టలేదు? తట్టాలని లేదు కాబట్టి తట్టలేదు. పోనీ ఆ మందు గొప్పదా? అదీ తెలియదు. మందు తగ్గించిందో, ఊరికే రోజులు గడిచి తగ్గిందో, ఎవరూ చూడలేదు. తెలియదు అన్న మాట ఆ రోజు లేచి చెప్పి ఉంటే సరిపోయేది. ఒక్క మాట. తెలియదు.

కిటికీ ఊచ మీద టప్ మని చుక్క పడింది. తర్వాత ఇంకోటి. మిరుగం వాన. బస్సులో ఉన్నవాళ్లంతా మాటలు ఆపి ఒక్కసారి గాలి పీల్చారు, డ్రైవరు, ఎల్లేశ్, సంచి ఒళ్లో పెట్టుకుని కునుకుతున్న ముసలాయన కూడా. అందరి మొహాలూ కాసేపు మెత్తబడ్డాయి. ముందు రోడ్డు మీద పిల్లల నినాదాలు కూడా ఓ క్షణం ఆగాయి. సాలోమోనుకు తెలుసు అది ఏమిటో. చెలక మన్ను మీద మొదటి తడి, బడి నుంచి వస్తూ వాగు దగ్గర నిలబడి నోరు తెరిచి తాగినంత గట్టిగా పీల్చేవాడు. ఇప్పుడూ పీల్చాడు. చల్లగాలి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ముక్కు కోసం కాదు. తుమ్మి మొలకెత్తుతుంది ఇంకో పది రోజుల్లో, తొమ్మిదేళ్లుగా గట్ల మీద మొలిచి, పూసి, ఎండిపోతోంది, పెద్దమ్మ దాని పక్కనుంచే నడిచిపోతోంది, వంగడం లేదు.

లేచాడు. మూడూ ముప్పై ఐదు.

"గీ వానల యాడికన్నా?" అంది సక్కుబాయి.

"ఎంకపల్లికి. ధనమ్మ మా పెద్దమ్మ."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత గుడ్డ తీసి, రెండు చేతులా మొగ్గలు తీసి ఆయన రుమాలులో పోసింది. "ఎట్లాగు పూస్తయి. ఆమెకియ్యి. సక్కుబాయి ఇచ్చిందని చెప్పు, మందుకు ఎన్నడు ఏం తీసుకోలె ఆమె."

గట్టు జారుతోంది. ముప్పై ఎనిమిదేళ్ల మోకాళ్లు చిన్నప్పటి దారిని గుర్తుపట్టాయి గానీ దారి వాటిని గుర్తుపట్టలేదు. చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. వాగులో ఇంకా నీళ్లు రాలేదు, ఇసుక మీద చినుకుల గుంటలు మాత్రం పడుతున్నాయి. వెనక జై తెలంగాణ అని మళ్లీ మొదలైంది, దూరం అయ్యేకొద్దీ పాటలా వినిపిస్తోంది. ఆ పిల్లలు నిలబడి గట్టిగా అరుస్తున్నారు, వాళ్లకేం కావాలో వాళ్లకు తెలుసు. తనకేం కావాలి? లేచి ఏమని చెప్పాలి? సంఘ పెద్దలారా అని మొదలుపెట్టాలా, అయ్యగారూ అనాలా? జామతోట వచ్చింది. కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి, ఇక్కడే కదా రొట్టె వాసన తగిలేది. ఇక్కడే ఒకసారి పెద్దమ్మ ఎదురొచ్చి, జ్వరంతో ఉన్నవాణ్ణి భుజానికెత్తుకుని పోయింది. పదేళ్ల పిల్లవాడు, కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. సిగ్గుపడి దింపమన్నాడు. దింపలేదు. దారి పొడవునా ఆమె మెడ దగ్గర ఓమ వాసన వేస్తూనే ఉంది. పరుగందుకున్నాడు.

చర్చి తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల పాట అయిపోయింది. పెద్దమ్మ అప్పటికే లేచి నిలబడింది. తెల్ల చీర, చేతిలో చేతిరుమాలు నలుపుతోంది. "నా చేతి మందుతోని..." అంటోంది. సాలోమోను తడిసి, బురద కాళ్లతో లోపలికి అడుగు పెట్టాడు. ఆయన చేతిలోని పూల రుమాలు విప్పుకుంది, వాన తడికి మల్లెలు పూర్తిగా పూసినట్టున్నాయి. ఎవరూ ఆయన అడుగుల చప్పుడు వినలేదు, అయినా తలలు తిరిగాయి, ఒకటి, రెండు, పది. ముందుగా తిరిగిన తల సాముయేలుది. ముక్కుపుటాలు ఎగరేసి, పూలెక్కడివి అన్నట్టు చూశాడు, చూసి, సాలోమోను తననే చూస్తున్నాడని గ్రహించి తల దించుకున్నాడు. ఎప్పుడు తిరిగొచ్చిందో అతని వాసన. తిరిగొచ్చిందని మాత్రం ఏ నెలా లేవలేదు.

"పెద్దమ్మా, ఆగు," అన్నాడు సాలోమోను. "అయ్యగారూ, ముందు నేను చెప్పాలె. తొమ్మిదేండ్ల కింద గీడనే నిలబడి ఆమె మందు మంచిది కాదన్న. తెలిసి చెప్పలే. నాకేం తెల్వది గప్పుడు. జనవరిల నాకు సర్ది అయింది. ఒక్క సుక్క ఎయ్యలే ముక్కుల. నా వాసన పోయింది. ఐదు నెలలైంది." మిగిలింది ఒక్కటే ఉంది, అది కూడా అడిగేశాడు. "మా పెద్దమ్మ మందేసుకొని ఏమి గానోళ్లు ఎందరున్నరు ఈడ? ఒక్కసారి చెయ్యెత్తుండ్రి."

ఏమీ కానందుకు చెయ్యెత్తడం వాళ్లకు అలవాటు లేని పని. ముందు గోడ పక్క నుంచి బాలమల్లు చెయ్యి లేచింది. తర్వాత ఆడవాళ్ల వైపు రెండు, నాలుగు, ఎక్కడెక్కడివో. ప్రేమదాసు, కరుణమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల వాసన నిజంగానే పోయింది, ఎందుకు పోయిందో ఇప్పుడు వాళ్లకూ తెలియదు. దయానందం అయ్యగారు పుస్తకం మూసి నిలబడ్డాడు.

పెద్దమ్మ ఆ చేతుల్లో ఒక్కటీ చూడలేదు. చాపలు దాటుకుంటూ, మనుషుల భుజాలు పట్టుకుంటూ నేరుగా సాలోమోను దగ్గరికి వచ్చింది. ఆయన రుమాలు ముందుకు చాచాడు, ఆమె పూల వైపు కూడా చూడలేదు. కొంగుముడి విప్పింది. చిటికెడు ఓమ అరచేతిలో వేసి, బొటనవేలితో నలిపి, మునివేళ్ల మీద లేచి ఆయన ముక్కు కింద పెట్టింది. చెయ్యి ముడతలు పడింది. గోరు పక్కన పసుపు. చర్చి అంతా చూస్తోంది.

"ఏమొస్తున్నది కొడకా?"

ఓమ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అలవాటైన మాట, అంటే చాలు, విడిచిపెడుతుంది. సాలోమోను గట్టిగా పీల్చాడు.

"ఏం రాలే పెద్దమ్మా," అన్నాడు.

ధనమ్మ చెయ్యి తీయలేదు. ఇంకో చేత్తో ఆయన తడి నెత్తి తుడిచింది.

"ఐదు నెలల సంది గిట్లుంటే," అంది, "మరి నాకు జెప్పొద్దా?"